ఇరుసు మీది బరువు: ఆస్ట్రేలియాలో పాత ఫోర్‌వీల్ డ్రైవ్ వాహనాల సస్పెన్షన్ మార్పుల చరిత్ర

పాత ఫోర్‌వీల్ డ్రైవ్ వాహనం వెనుక క్యారవాన్ అనే బరువైన చక్రాల ఇంటిని తగిలించి వేల కిలోమీటర్లు లాక్కుపోవడం కోసం దాని స్ప్రింగులను, షాక్ అబ్జార్బర్లను మార్చి అమర్చే పని ఆస్ట్రేలియాలో 20వ శతాబ్దపు చివరి పాతికేళ్లలో ఒక ప్రత్యేక వృత్తిగా, తరువాత ఒక పరిశ్రమగా స్థిరపడింది. చక్రాలకూ వాహనపు దేహానికీ మధ్య ఉండి, దేహం బరువును మోస్తూనే రోడ్డు కుదుపులను తనలో ఇముడ్చుకునే భాగాలన్నిటినీ కలిపి సస్పెన్షన్ అంటారు. అందులో స్ప్రింగు బరువును మోస్తే, షాక్ అబ్జార్బర్ ఆ స్ప్రింగు ఊగిసలాటను అణుస్తుంది. ఈ రెండు పనులూ వేరువేరని, ఒకదాన్ని మార్చి రెండోదాన్ని వదిలేస్తే వాహనం అదుపు తప్పుతుందని ఈ వృత్తిలోని వారు అనుభవం మీద తెలుసుకున్నారు. వెనుక భాగం కుంగిపోయిన వాహనాన్ని పైకి లేపడమూ, దాని మీద పడిన బరువును మోయగలిగేలా చేయడమూ ఒకటే పని కాదన్న గ్రహింపు మాత్రం అంతకన్నా నెమ్మదిగా, ఎన్నో వంగిన ఛాసిస్‌లను, అంటే వాహనపు ఉక్కు చట్రాలను, చూసిన తరువాత వచ్చింది. ఈ వృత్తి చరిత్రకు ఆ గ్రహింపే ఆయువుపట్టు.

స్ప్రింగు మీద ఎంత బరువు వేస్తే అది అంత నిష్పత్తిలో వంగుతుందన్న సూత్రాన్ని రాబర్ట్ హుక్ 1678లో ప్రచురించాడు. బళ్లకు దాన్ని వాడుకునే విద్య చాలాకాలం కమ్మరుల చేతిలోనే ఉండిపోయింది. 19వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో లండన్‌కు చెందిన బళ్ల తయారీదారు ఒబడయా ఇలియట్ విల్లులా వంచిన ఉక్కు పట్టీలను ఒకదానిమీద ఒకటి పేర్చి, గుర్రపు బండి దేహాన్ని నేరుగా వాటి మీదే నిలిపే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. తెలుగు నేలమీద లారీలు, బస్సులు బాగుచేసే వారు కమాన్ కట్టలని పిలిచే భాగం దాని వారసత్వమే. అన్నిటికన్నా పొడవైన పట్టీకి రెండు చివరలా చుట్టలు చుట్టి ఒక చివరను ఛాసిస్‌కు స్థిరంగా బిగిస్తారు. రెండో చివరను షాకిల్ అనే ఊగే కొక్కెం ద్వారా తగిలిస్తారు, ఎందుకంటే పట్టీ చదునైనప్పుడు దాని రెండు చివరల మధ్య దూరం పెరుగుతుంది, ఆ పెరుగుదలకు చోటు కావాలి. మధ్య భాగాన్ని యూ బోల్టులతో ఇరుసుకు బిగిస్తారు. ఇంత సాదా నిర్మాణం బరువును మోయడమే కాక ఇరుసు ముందుకూ వెనక్కూ పక్కలకూ జరగకుండా పట్టి ఉంచుతుంది, పట్టీలు ఒకదానితో ఒకటి రాసుకోవడం వల్ల ఊగిసలాటను కొంత తానే అణుచుకుంటుంది. విరిగినా ఏ ఊరి కమ్మరి కొలిమిలోనైనా బాగుపడుతుంది. యుద్ధకాలపు జీపు, 1948 ఏప్రిల్‌లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో మొదటిసారి కనిపించిన లాండ్ రోవర్, 1951లో టయోటా తయారుచేసిన బీజే, దాని నుంచి పుట్టిన లాండ్‌క్రూయిజర్ అన్నీ నాలుగు చక్రాల దగ్గరా కమాన్ కట్టలతోనే వచ్చాయి.

ఆస్ట్రేలియాలో ఈ వాహనాలకు గిరాకీ తెచ్చినవాటిలో స్నోయీ పర్వతాల జలవిద్యుత్ పథకం ముఖ్యమైనది. 1949 నుంచి 1974 దాకా సాగిన ఆ నిర్మాణంలో సొరంగాలకు, ఆనకట్టలకు మనుషులను, సామాన్లను చేర్చడానికి రోడ్లు లేని కొండల్లో నడిచే వాహనాలు కావలసి వచ్చాయి. మొదట లాండ్ రోవర్లే ఆ పని చేశాయి. 1950ల చివర్లో ఆ పథకంలో గుత్తేదారైన లెస్లీ థీస్ జపాన్ నుంచి లాండ్‌క్రూయిజర్లను తెప్పించి, తరువాత వాటి పంపిణీదారు కూడా అయ్యాడు. అదే కాలంలో దేశం నడిబొడ్డున ఉన్న ఎడారిలో లెన్ బీడెల్ నాయకత్వంలోని చిన్న బృందం గన్‌బ్యారెల్ రోడ్డును, మరికొన్ని మట్టి రోడ్లను వేసింది. 1963 నాటికి వాటి మొత్తం పొడవు 6,000 కిలోమీటర్లు దాటింది. పశువుల పెంపకందారులు, గనుల అన్వేషకులు, సర్వే ఉద్యోగులు ఆ దారుల్లో తిరిగిన వాహనాలకు కమాన్ కట్టలు విరగడం నిత్యకృత్యం.

విరగడానికి కారణం గుంతలకన్నా ఎక్కువగా ఆ రోడ్ల మీద అడ్డంగా ఏర్పడే చిన్న చిన్న మడతలు. ఎండిన మట్టి రోడ్డు మీద వాహనాలు ఒక వేగం దాటి నడిస్తే చక్రం పైకి ఎగిరి కిందపడ్డ చోటల్లా మట్టి చెదిరి, వరుసగా అలల్లాంటి గట్లు లేస్తాయి. కీత్ మేథర్ అనే శాస్త్రజ్ఞుడు ఇసుక నింపిన గుండ్రటి బాటలో చక్రాన్ని తిప్పి ఈ గట్లు ఎలా పుడతాయో చూపి 1963లో ప్రచురించాడు. స్ప్రింగు లేని చక్రం, చివరికి చక్రం బదులు పెట్టిన పలక కూడా వాటిని పుట్టించగలవని, వేగమే అసలు కారణమని తరువాతి ప్రయోగాలు ధ్రువపరిచాయి. గట్ల మధ్య దూరం అర మీటరు నుంచి మీటరు దాకా ఉందనుకుంటే, గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే చక్రం సెకనుకు 20 నుంచి 40 సార్లు పైకీ కిందికీ కదలాలి. గంటల తరబడి సాగే ఆ కదలికలో ఉక్కు అలసిపోతుంది, కీళ్ల దగ్గరి రబ్బరు బుష్‌లు చితికిపోతాయి, షాక్ అబ్జార్బర్‌లోని నూనె చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది. ఆస్ట్రేలియా సస్పెన్షన్ వృత్తికి దాని స్వభావాన్ని ఇచ్చింది ఈ రోడ్లే.

తొలి దశలో ఈ పని పట్టణాల్లోని స్ప్రింగు కార్ఖానాలది. లారీలకు, వ్యవసాయ బళ్లకు కట్టలు చేసే ఆ కార్ఖానాల్లో ఫోర్‌వీల్ డ్రైవ్ వాహనానికి రెండు రకాల వైద్యం దొరికేది. మొదటిది, ఏళ్ల తరబడి బరువు మోసి చదునైపోయిన పట్టీలను విడదీసి, వాటి విల్లు వంపును మళ్లీ తేవడం. దీని వల్ల ఎత్తు తిరిగివస్తుంది కానీ ఉక్కు పాతదే కనుక, దాన్ని మళ్లీ సరైన వేడిలో పదును పెట్టకపోతే కొంతకాలానికి కట్ట తిరిగి చదునవుతుంది. రెండోది, కట్టలో అదనంగా ఒకటి రెండు పట్టీలు చేర్చడం. పట్టీల సంఖ్యతో పాటు కట్ట గట్టిదనం దామాషాగా పెరుగుతుంది, కానీ పట్టీ మందం విషయం వేరు: మందం 10 శాతం పెరిగితే గట్టిదనం దాదాపు 33 శాతం పెరుగుతుంది, ఎందుకంటే అది మందపు ఘనంతో ముడిపడి ఉంటుంది. ఈ లెక్క తెలియక మందమైన పట్టీలు దండిగా వేసిన వాహనాలు ఖాళీగా ఉన్నప్పుడు రాతిబండలా నడిచేవి, ప్రయాణికుల వెన్ను విరిచేవి. అనుభవమున్న కమ్మరులు అందుకు ఒక ఉపాయం పట్టారు: అడుగున ఒక మందమైన పట్టీని కాస్త ఎడంగా ఉంచితే, వాహనం ఖాళీగా ఉన్నంతసేపు అది పనిచేయదు, బరువు పడి పై పట్టీలు వంగినప్పుడే దాన్ని తాకి ఆదుకుంటుంది. ఆ పద్ధతి లారీలలో అప్పటికే ఉన్నదే అయినా, దాన్ని చిన్న వాహనపు అవసరానికి తగ్గించి తూచినట్టు అమర్చడంలో ఆ కమ్మరుల నేర్పు గౌరవించదగినది.

బరువు లాగడం ఈ కథలోకి ప్రధానంగా వచ్చింది క్యారవాన్ వల్ల. యుద్ధానంతర సంపన్న దశాబ్దాల్లో ఆస్ట్రేలియా కుటుంబాలు సెలవులకు ఇంటిని వెంట తీసుకుపోయే అలవాటు పెంచుకున్నాయి. అప్పటి క్యారవాన్లు తేలికపాటివి, వాటిని హోల్డెన్, ఫోర్డ్ ఫాల్కన్ వంటి పెద్ద కార్లే లాగేవి. నల్లార్బార్ మైదానాన్ని దాటించే ఐర్ హైవేకు 1976లో తారు పూర్తయింది, దేశాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి చీల్చుకుపోయే స్టూవర్ట్ హైవేకు 1987లో పూర్తయింది. దాంతో ఖండాన్ని చుట్టిరావడం సాహసికుల పని కాకుండా, ఉద్యోగ విరమణ చేసిన దంపతుల పని అయింది. నెలల తరబడి అందులోనే ఉండవలసి వచ్చినప్పుడు క్యారవాన్‌కు ఫ్రిజ్, స్నానాల గది, బ్యాటరీలు, నీళ్ల ట్యాంకులు చేరాయి. 80 లీటర్ల ట్యాంకులు రెండు నింపితే నీళ్ల బరువే 160 కిలోలు. ఒక ఇరుసు చాలక రెండు ఇరుసులు వచ్చాయి, బరువు రెండు టన్నులు దాటి పోయింది. అదే కాలంలో కుటుంబ కార్లు తేలికవుతూ, చాలావరకు ముందు చక్రాలతో నడిచేవిగా మారుతూ వచ్చాయి. ఛాసిస్ విడిగా ఉన్న, ఇంజను బలం గల ఫోర్‌వీల్ డ్రైవ్ ఒక్కటే ఆ బరువుకు తగిన బండిగా మిగిలింది. మట్టి రోడ్ల కోసం పుట్టిన వాహనం తారు రోడ్డు మీద బరువు లాగే వాహనమైంది, దాని వెనుక స్ప్రింగులను రూపొందించిన ఇంజనీర్లు ఊహించని రకం బరువు దాని మీద పడింది.

ఆ బరువు స్వభావం అర్థమైతేనే తరువాతి చరిత్ర అర్థమవుతుంది. క్యారవాన్ ముందు భాగం వాహనం వెనుక ఉన్న టో బాల్ అనే ఉక్కు గుండు మీద ఆనుతుంది. అలా ఆనే బరువు ఆస్ట్రేలియా ఆచారం ప్రకారం క్యారవాన్ మొత్తం బరువులో సుమారు పదో వంతు ఉండాలి. ఐరోపాలో ఇంతకన్నా తక్కువ బరువుతో లాగుతారు, కానీ ఆస్ట్రేలియాలో బరువైన, పొడవైన క్యారవాన్ వేగంలో పక్కలకు ఊగకుండా ఉండాలంటే ఈ మేరకు ముందువైపు మొగ్గు ఉండాలని అనుభవం చెప్పింది. 2,500 కిలోల క్యారవాన్ టో బాల్ మీద 250 కిలోలు మోపుతుందనుకుంటే, వెనుక ఇరుసు మీద పడేది ఆ 250 కిలోలే కాదు. అంతకన్నా ఎక్కువ పడుతుంది. టో బాల్ వెనుక ఇరుసుకు సుమారు 1.2 మీటర్ల వెనుక ఉండి, ముందు వెనుక ఇరుసుల మధ్య దూరం 2.7 మీటర్లు అయితే, తులాదండ సూత్రం ప్రకారం ముందు ఇరుసు మీది బరువు సుమారు 110 కిలోలు తగ్గుతుంది, వెనుక ఇరుసు మీది బరువు 360 కిలోలు పెరుగుతుంది. వెనుక భాగం కుంగుతుంది, ముందు లేస్తుంది, స్టీరింగ్ చేతికి తేలికవుతుంది, ముందు బ్రేకుల పట్టు తగ్గుతుంది, రాత్రిపూట దీపాలు ఎదుటి డ్రైవరు కళ్లలో పడతాయి. చూసేవారికి కనిపించేది కుంగిన వెనుక భాగమే కాబట్టి చికిత్స అంతా దానికే జరిగింది. ముందు ఇరుసు పోగొట్టుకున్న 110 కిలోల గురించి చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు.

ఈ సమస్యను కర్మాగారంలోనే ఆలోచించిన వాహనం 1970లో వచ్చిన రేంజ్ రోవర్. స్పెన్ కింగ్, గోర్డన్ బాష్‌ఫర్డ్ దాని నాలుగు చక్రాలకూ కమాన్ కట్టలు తీసేసి, ఉక్కు తీగను చుట్టలుగా చుట్టి చేసిన కాయిల్ స్ప్రింగులు పెట్టారు. అవి మెత్తగా, ఎక్కువ దూరం కదిలేవిగా ఉండటం వల్ల గతుకుల మీద చక్రం నేలను వదలదు. అయితే అంత మెత్తటి స్ప్రింగు మీద బరువు పడితే వెనుక భాగం వెంటనే కుంగిపోతుంది. అందుకని వెనుక ఇరుసు మధ్యలో బోజ్ అనే జర్మన్ సంస్థ చేసిన ఒక గొట్టాన్ని అమర్చారు: వాహనం నడుస్తుంటే కలిగే కదలికనే పంపులా వాడుకుని అది లోపల ఒత్తిడి పెంచుకుంటూ కుంగిన భాగాన్ని కొంత దూరం పోయాక తనంతట తానే మునుపటి ఎత్తుకు తెస్తుంది. ఖాళీగా మెత్తగా, బరువుతో గట్టిగా ఉండాలన్న రెండు కోరికలనూ ఒకేసారి తీర్చిన ఆ ఏర్పాటు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికన్నా తెలివైన జవాబు అనడం అతిశయోక్తి కాదు. అది ఖరీదైనది, పాడైతే మారుమూల ప్రాంతంలో బాగుచేసేవారు లేనిది కావడంతో తరువాతి వాహనాల్లో ఎక్కువ భాగం దాన్ని అనుకరించలేదు. కాయిల్ స్ప్రింగులను మాత్రం స్వీకరించాయి.

1983లో లాండ్ రోవర్ 110, 1980ల చివర్లో నిస్సాన్ పాట్రోల్ వై60 తరం, 1990 నాటికి లాండ్‌క్రూయిజర్ 80 తరం కాయిల్ స్ప్రింగులతో వచ్చాయి. 1980లో మొదలైన లాండ్‌క్రూయిజర్ 60 తరం కమాన్ కట్టలతోనే ఆ దశాబ్దాన్ని గడిపింది. కొత్త వాహనాలు కారులా సుఖంగా నడిచాయి, కానీ కొన్నవారు వాటి ముందు పశువులను ఢీకొన్నా తట్టుకునే ఉక్కు బంపర్, విన్చ్, వెనుక అదనపు ఇంధన ట్యాంకు, సామాన్ల సొరుగులు పెట్టి, ఆ పైన క్యారవాన్ తగిలించారు. ఆ అవసరం మీద ఒక పరిశ్రమ నిలిచింది. టోనీ బ్రౌన్ 1975లో మెల్‌బోర్న్‌లో స్థాపించిన ఏఆర్‌బీ ఉక్కు బంపర్లతో మొదలై, ఓల్డ్ మ్యాన్ ఈము అనే పేరుతో స్ప్రింగులను, షాక్ అబ్జార్బర్లను జతగా అమ్మే స్థాయికి ఎదిగింది. లవెల్స్, కింగ్ స్ప్రింగ్స్, టఫ్ డాగ్, ఐరన్‌మ్యాన్ వంటి పేర్లు కూడా ఈ రంగంలో వాహనదారులకు పరిచితమయ్యాయి. వీరు తెచ్చిన అసలు మార్పు ఒకే వాహనానికి ఒకే స్ప్రింగు అన్న ఆలోచనను వదిలేసి, వాహనం మీద నిత్యం ఎంత బరువు ఉంటుందో అడిగి, ఖాళీ వాహనానికి ఒకటి, 200 కిలోల స్థిరమైన బరువుకు మరొకటి, 400 కిలోలకు ఇంకొకటి అని విడివిడిగా చేసి ఇవ్వడం.

ఈ ఎంపిక ఎంత సున్నితమైనదో కాయిల్ స్ప్రింగు లెక్కే చెబుతుంది. దాని గట్టిదనం తీగ వ్యాసపు నాలుగో ఘాతంతో పెరుగుతుంది, కాబట్టి తీగను 10 శాతం లావు చేస్తే స్ప్రింగు 46 శాతం గట్టిపడుతుంది. స్ప్రింగు మీద ఉన్న బరువు వల్ల అది ఎంత నొక్కుకుందో దాన్ని బట్టి వాహనం సహజంగా ఊగే వేగం నిర్ణయమవుతుంది: 25 సెంటీమీటర్లు నొక్కుకుంటే సెకనుకు ఒకసారి, 10 సెంటీమీటర్లయితే సుమారు ఒకటిన్నర సార్లు, 4 సెంటీమీటర్లే అయితే రెండున్నర సార్లు. మనిషి శరీరానికి ఒకటి, ఒకటిన్నర మధ్య ఊగడం హాయిగా ఉంటుంది, అంతకు మించితే అలసట. క్యారవాన్ కోసం గట్టి స్ప్రింగులు వేయించుకున్న వ్యక్తి ఏడాదిలో ఎక్కువ రోజులు క్యారవాన్ లేకుండానే ఊళ్లో తిరుగుతాడు గనుక, ఆ రోజులన్నీ అతనికి కుదుపులతోనే గడుస్తాయి. నొక్కుకునే కొద్దీ గట్టిపడేలా చుట్టల మధ్య ఎడాన్ని తగ్గిస్తూ పోయే స్ప్రింగులు ఈ చిక్కుకు ఒక మధ్యేమార్గం చూపాయి, పూర్తి పరిష్కారం కాదు.

గట్టి స్ప్రింగు నొక్కుకున్నప్పుడు ఎక్కువ శక్తిని దాచుకుని అంతే బలంగా వెనక్కి తన్నుతుంది; ఆ తన్నును అణచలేని పాత షాక్ అబ్జార్బర్‌తో వాహనం ప్రతి గతుకు మీదా ఎగిరెగిరిపడుతుంది. ఇక్కడే స్ప్రింగూ షాక్ అబ్జార్బర్ జతగా మారాలన్న నియమం పుట్టింది. షాక్ అబ్జార్బర్ అంటే నూనె నిండిన గొట్టంలో సన్నని రంధ్రాలున్న ముషలకం. అది కదిలినప్పుడు నూనె ఆ రంధ్రాల గుండా బలవంతంగా పోతూ కదలికను వేడిగా మారుస్తుంది. ఒకదానిలో ఒకటి ఉన్న రెండు గొట్టాల రకంలో నూనె పైన గాలి ఉంటుంది. మట్టిగట్ల మీద గంటల తరబడి కదిలితే ఆ గాలి నూనెతో కలిసి నురుగవుతుంది, నురుగు రంధ్రాల గుండా అడ్డులేకుండా జారిపోతుంది. ఫ్రెంచి ఇంజనీరు బూర్సియే ద కార్బన్ దీనికి ఒకే గొట్టంలో తేలే ముషలకంతో నత్రజనిని నూనె నుంచి వేరుచేసి, అధిక పీడనంలో ఉంచే మార్గం చూపాడు. జర్మన్ సంస్థ బిల్‌స్టీన్ దాన్ని 1957 నుంచి మెర్సిడెస్ కార్లకు అందించింది. ఆస్ట్రేలియా తయారీదారుల్లో కొందరు మరో దారి పట్టి, గాలికి బదులు చిన్న చిన్న వాయు గదులున్న నురగ పదార్థాన్ని గొట్టాల మధ్య అమర్చారు. అది నూనె పెరుగుదలకు చోటిస్తుంది కానీ నూనెతో కలవదు. గొట్టం లావుగా చేసి నూనె ఎక్కువ పట్టించడం కూడా వేడికి విరుగుడే.

వాహనాన్ని 50 మిల్లీమీటర్లు పైకి లేపడం 1990లలో ఈ వృత్తిలో మామూలు విషయమైంది. కుంగుదలకు ముందే కొంత ఎత్తు పెంచితే క్యారవాన్ తగిలించినప్పుడు సమానంగా ఉంటుందన్న ఆలోచన పైకి సబబుగానే కనిపిస్తుంది. కానీ కాయిల్ స్ప్రింగుల వాహనంలో ఇరుసును పట్టి ఉంచేవి పొడవైన చేతుల్లాంటి కడ్డీలు. ఎత్తు పెరిగితే ఆ కడ్డీలు తిరిగి, ముందు ఇరుసు ఒరిగే కోణం మారి, వాహనం దానంతట అది నేరుగా పోయే గుణం తగ్గుతుంది. అందుకని ఆ కడ్డీల చివర్లలో రంధ్రం కేంద్రం నుంచి కాస్త జరిగిన బుష్‌లు వాడి కోణాన్ని సరిచేయడం నేర్చుకున్నారు. ఇరుసును పక్కకు జరగకుండా పట్టే పాన్‌హార్డ్ కడ్డీ పొడవు కూడా మార్చాలి, లేకుంటే ఇరుసు ఒకవైపుకు తొలగుతుంది. వీటన్నిటికన్నా ప్రమాదకరమైనది కంటికి కనిపించనిది: వెనుక బరువును బట్టి వెనుక బ్రేకుల ఒత్తిడిని తగ్గించి పెంచే చిన్న కవాటం. దాని కడ్డీ ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య దూరాన్ని బట్టి పనిచేస్తుంది. వాహనాన్ని లేపితే ఆ దూరం పెరిగి, వాహనం ఖాళీగా ఉందని భ్రమపడిన కవాటం వెనుక బ్రేకులకు ఒత్తిడి తగ్గిస్తుంది. సరిగ్గా బరువు ఎక్కువైన రోజే బ్రేకులు తక్కువ పట్టడం అన్నమాట. ఆ కడ్డీ అమరికను కొత్త ఎత్తుకు తగ్గట్టు మార్చే పనివారినే మంచి పనివారుగా ఎంచాలి.

గట్టి స్ప్రింగుల బాధ లేకుండా బరువు ఉన్నప్పుడు మాత్రమే సాయపడే ఉపకరణంగా గాలి సంచులు వచ్చాయి. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 1949లో మొదలైన ఎయిర్ లిఫ్ట్ సంస్థ ఈ దారిలో తొలితరానిది. కాయిల్ స్ప్రింగు లోపల పట్టే సంచి స్ప్రింగు మోసే చోటే తానూ మోస్తుంది కనుక, అది సహాయకారిగానే ఉంది. కమాన్ కట్టల వాహనాల్లో మాత్రం కథ అడ్డం తిరిగింది. కట్ట తాను మోసే బరువును ఛాసిస్‌కు మీటరుకు పైగా ఎడంలో ఉన్న రెండు చోట్ల అందిస్తుంది. ఇరుసు మీద నుంచి నేరుగా ఛాసిస్ అడుగుకు ఆనించిన గాలి సంచి ఆ రెండు చోట్ల మధ్య ఒకే బిందువు దగ్గర తోస్తుంది. వెనుక టో బాల్ మీద క్యారవాన్ బరువు కిందికి లాగుతుండగా, మధ్యలో సంచి పైకి తోస్తుంటే, మట్టి రోడ్ల మీద ఎగిరిపడిన ప్రతిసారీ ఛాసిస్ ఆ బిందువు దగ్గర వంగడానికి చూస్తుంది. ఆస్ట్రేలియాలో నాలుగు తలుపుల పికప్ వాహనాలు అలా వెన్నువిరిగి నిలిచిన ఫొటోలు విరివిగా ప్రచారమయ్యాయి. కుంగుదల కనిపించకుండా పోయినంత మాత్రాన బరువు పోలేదని, అది మరో భాగం మీదికి మారిందని ఆ ఛాసిస్‌లు చాటినంత గట్టిగా ఏ పుస్తకమూ చాటలేదు.

ముందు ఇరుసు పోగొట్టుకున్న బరువును తిరిగి ఇవ్వడానికి వేరే సాధనం ఉంది. 20వ శతాబ్దం మధ్యకాలంలో అమెరికాలో వ్యాపించి, ఆస్ట్రేలియాలో హేమన్ రీస్ పేరుతో ప్రసిద్ధమైన బరువు పంపిణీ చేసే హిచ్‌లో రెండు పొడవైన ఉక్కు కడ్డీలు టో బాల్ దగ్గర మొదలై క్యారవాన్ చట్రం కిందుగా పోతాయి. వాటిని గొలుసులతో పైకి బిగిస్తే, అవి మీటగోలలా వాహనం వెనుక భాగాన్ని పైకెత్తుతూ బరువులో కొంత ముందు ఇరుసుకు, కొంత క్యారవాన్ ఇరుసులకు పంచుతాయి. స్ప్రింగులు మార్చిన వాహనానికి ఇది అక్కర్లేదని వాదించినవారున్నారు, కానీ స్ప్రింగు ఎంత గట్టిదైనా తులాదండ సూత్రాన్ని మార్చలేదు. వెనుక ఎత్తు సరిపోయినా ముందు ఇరుసు తేలికగానే ఉంటుంది. క్యారవాన్ పక్కలకు ఊగే గుణం మీద ఇంగ్లండులోని బాత్ విశ్వవిద్యాలయంలో జరిగిన ప్రయోగాలు, క్యారవాన్ లోపల బరువు మధ్యన ఉందా, రెండు కొసలకూ పంచబడిందా అన్నది స్థిరత్వాన్ని ఎంతగానో శాసిస్తుందని చూపాయి. అంటే సగం వైద్యం వాహనం కింద కాక క్యారవాన్ అల్మరాల్లో జరగాలి.

చట్టం ఈ వృత్తి వెనుక చాలా దూరం నుంచి నడిచి వచ్చింది. ప్రతి వాహనానికీ తయారీదారు నిర్ణయించిన గరిష్ఠ బరువు, ప్రతి ఇరుసుకూ వేరే పరిమితి, వాహనమూ క్యారవాన్ కలిసిన మొత్తానికి మరో పరిమితి ఉంటాయి. బ్రేకులు లేని ట్రెయిలర్ 750 కిలోలు దాటకూడదు. 2,000 కిలోలు దాటినదానికి అన్ని చక్రాలకూ బ్రేకులు, తెగిపోతే తనంతట తానే ఆగే ఏర్పాటు ఉండాలి. స్ప్రింగులు మార్చినంత మాత్రాన ఈ పరిమితులేవీ పెరగవన్న సంగతి చాలామంది యజమానులకు ప్రమాదం తరువాత బీమా తనిఖీలోనే తెలిసింది. దానికి జవాబుగా వచ్చినదే వాహనపు గరిష్ఠ బరువును చట్టబద్ధంగా పెంచే పద్ధతి: రిజిస్ట్రేషన్‌కు ముందైతే కేంద్ర ప్రభుత్వ ఆమోదం పొందిన మార్పు, ఇప్పటికే రోడ్డెక్కిన పాత వాహనానికైతే రాష్ట్రం గుర్తించిన ఇంజనీరు పరీక్షించి ఇచ్చే ధ్రువపత్రం. తేలికపాటి వాహనాల మార్పులకు జాతీయ నియమావళి ఒకటి ఉంది, విక్టోరియా రాష్ట్రంలో అలా సంతకం చేయగల ఇంజనీర్లకు ప్రత్యేక పథకం నడుస్తోంది. 1989 నాటి చట్టం స్థానంలో 2018లో చేసిన రోడ్డు వాహనాల ప్రమాణాల చట్టం 2021 జూలై 1న అమలులోకి వచ్చి ఈ ఆమోదాల పద్ధతిని కొత్తగా నిర్మించింది. చాలా సందర్భాల్లో వాహనమూ క్యారవాన్ కలిసిన మొత్తం పరిమితి పెరగదు. ఉదాహరణకు ఆ మొత్తం 6,000 కిలోలై, వాహనపు సొంత పరిమితిని 3,000 నుంచి 3,300కు పెంచుకుని అంతా నింపినవారికి లాగడానికి మిగిలేది 2,700 కిలోలే.

ఇప్పుడు శ్రద్ధగల దుకాణాల్లో పని తూనికతో మొదలవుతుంది. నీళ్ల ట్యాంకులు, ఇంధనం నింపి, మనుషులు కూర్చుని, క్యారవాన్ తగిలించి ఒకసారి, విప్పి ఒకసారి నాలుగు చక్రాల బరువునూ విడివిడిగా తూచి, ఆ నాలుగు అంకెలను చూసి స్ప్రింగును ఎంచుతారు. అంకెలు ఇరుసు పరిమితిని దాటితే స్ప్రింగు అమ్మకుండా సామాను తగ్గించమని చెప్పే పనివారు కూడా ఉన్నారు. నాలుగు దశాబ్దాలు నిండిన లాండ్‌క్రూయిజర్ 60 తరం వాహనాలకు ఇంకా కొత్త కమాన్ కట్టలు తయారవుతున్నాయి. కట్టలతో పాటు షాకిళ్లు, బుష్‌లు, యూ బోల్టులు మార్చి, కొద్ది వందల కిలోమీటర్లు నడిచాక బోల్టులను మళ్లీ బిగించి, బ్రేకు కవాటాన్ని సరిచూసి, ఇంజనీరు ధ్రువపత్రం సంఖ్యను వాహనం మీద పలకగా బిగిస్తారు. వాహనం చేతులు మారినప్పుడు కొత్త యజమాని చూడవలసింది ఆ పలక మీది అంకెను, దానితో పాటు తయారీదారు వేసిన పాత పలక మీది మొత్తం పరిమితిని కూడా.